మొద్దు మీద చెయ్యి

మా వీధిలో ఈమధ్య ఒక మాట షికారు చేస్తోంది. మాంసం కొట్టు మూడువేళ్ళక్క తన వేళ్ళు తనే నరుక్కుందట. మరిది మీద కసి తీర్చుకోవడానికి, నలుగురూ చూస్తుండగా, ఇంగ్లీషులో ఏదో మంత్రం చదివి మరీ నరుక్కుని, ఆ నేరం అతని నెత్తిన రుద్ది జైలుకు పంపిందట. మేడమీద వాటాలో కొత్తగా దిగిన అమ్మాయి నిన్న పొద్దున పంపు దగ్గర ఈ సంగతి నాకే చెప్పింది. నాకు! పైగా "మీకు తెలీదా పెద్దమ్మగారూ, అయ్యో" అని జాలి ఒకటి.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నాను.

"దర్జీ చెప్పాడండీ, కొలతలు తీసుకుంటూ."

మా దర్జీ నోట్లో సూది ఉన్నంతసేపే బుద్ధిమంతుడు. సూది తీశాడంటే వీధి వీధంతా కలిపి కుట్టేస్తాడు. బిందె అక్కడే వదిలేసి వెళ్ళి నిలదీశాను. "నాకేం తెలుసు పెద్దమ్మా, ఆ మరిదే వచ్చి చెప్పుకుని ఏడ్చాడు. జైలు నుంచి బయటికొచ్చి వారమైనా కాలేదు, చూస్తే కడుపు తరుక్కుపోయింది" అన్నాడు.

అలాగా. అయితే నేనూ చెప్తాను. ఆ రోజు ఆ కొట్టు ముందు వరుసలో అందరికన్నా ముందు నిలబడ్డది నేను. నా గుడ్డసంచీ మీద ఆ మరక ఇప్పటికీ ఉంది. ఎన్నిసార్లు ఉతికినా రంగు మారిందే కానీ పోలేదు. నమ్మకం లేనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు, వంటింటి తలుపు వెనక మేకుకు తగిలించి ఉంది.

ఆవిడ ఈ వీధికి కోతాయన పెళ్ళాంగా వచ్చింది. కోతాయన అంటే మాంసం కొట్టు యజమాని. మెడకూ భుజానికీ మధ్య సందు లేని మనిషి. మేకను ఒంటిచేత్తో కొక్కేనికి తగిలించేవాడు. అలాంటివాడికి గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్న పిల్లను కట్టబెట్టారేమిటా అని నాకు ఒకటే ఆరాటం. దిగిన మర్నాడే జల్లెడ కావాలని వంక పెట్టుకుని వాళ్ళ గదికి వెళ్ళాను. కొట్టు ముందు, గది వెనక. రెండింటికీ మధ్య ఒక గోనెపట్టా తెర.

"పెళ్ళికి ముందు ఏం చేసేదానివమ్మా?" అని అడిగాను.

"పళ్ళ డాక్టరు దగ్గర పని చేసేదాన్నండీ."

"పళ్ళు పీకేదానివా?"

"పీకిన తర్వాత రక్తం కడిగేదాన్ని" అని నవ్వింది.

"ఇక్కడా అదే కదే!"

"అక్కడ చిన్న గిన్నెల్లో ఉండేది పెద్దమ్మా" అంది. అప్పుడే తెలిసిపోయింది నాకు, ఈ పిల్ల మాటకు మాట చెప్పగలదని. ఆ రోజు నుంచీ దాన్ని అందరం పళ్ళపిల్ల అనేవాళ్ళం. మూడువేళ్ళక్క అన్న పేరు తర్వాత వచ్చింది.

దాని ఇంగ్లీషు సంగతి చెప్పాలి. మంత్రం, మంత్రం అంటున్నారు కదా, అదే ఇది. ఆ పళ్ళ డాక్టరు కొట్టు డబ్బున్నవాళ్ళ వీధిలో, మేడ మీద. వచ్చేవాళ్ళంతా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళే. పంటి నొప్పితో బల్ల మీద కూర్చుని, లోపల పళ్ళు తొలిచే మర చప్పుడు వింటూ ఏం మాట్లాడతారు? భయం మాట్లాడతారు. ఈ పిల్ల తడిగుడ్డతో నేల తుడుస్తూ ఆ మాటలే విన్నది, ఆ మాటలే నేర్చింది. అందుకని దానికి వచ్చిన ఇంగ్లీషంతా భయం ఇంగ్లీషే. గుడ్ మార్నింగ్ అంటే తిరిగి ఏమనాలో తెలీదు. "మీ పేరేమిటి" అని ఇంగ్లీషులో అడిగితే గుడ్లప్పగిస్తుంది. కానీ రాబోయే గండాన్ని తలుచుకుని వణకడానికి మాత్రం దానికి ఎన్ని మాటలొచ్చో! మా చిన్నకోడలు కాలేజీలో చదువుకున్న పిల్ల. అదే విని ఆశ్చర్యపోయింది. "అత్తయ్యా, ఒక్క తప్పు లేదు, పలకడం కూడా దొరల్లాగే ఉంది" అంది.

"మరి వాళ్ళు అంత భయపడి కుర్చీ ఎక్కేవాళ్ళా?" అని పళ్ళపిల్లను అడిగాను ఒకసారి.

"అదే కదా పెద్దమ్మా తమాషా! 'ఐ కాంట్ గో త్రూ విత్ దిస్' అని గొణుక్కున్నవాళ్ళు గొణుక్కుంటూనే వెళ్ళి నోరు తెరిచేవాళ్ళు. 'నాకేం భయం, ఇంతకన్నా పెద్దవి చూశాను' అని మీసం దువ్వినవాళ్ళే, మర చప్పుడు వినగానే మెట్లు దిగి పరార్. చెప్పులు కూడా మర్చిపోయేవాళ్ళు. మా ఇంట్లో మగవాళ్ళందరికీ ఆ చెప్పులే."

ఐ కాంట్ గో త్రూ విత్ దిస్ అంటే, ఈ పని చివరిదాకా చెయ్యడం నావల్ల కాదు అని అర్థమట. కోడలు చెప్పింది.

ఆ మాట అది వాడగా నేను మొదటిసారి విన్నది కొట్టు వెనక పెరట్లో. కోతాయన గొర్రెను పడగొట్టి, కాళ్ళు పట్టుకోమన్నాడు దాన్ని. గోడవారన నిలబడి చూస్తున్నాను. పిల్ల పాలిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ కాళ్ళు రెండు చేతులా పట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి. ఐ కాంట్ గో త్రూ విత్ దిస్, ఐ కాంట్ గో త్రూ విత్ దిస్. గొర్రె తన్నుకుంది, రక్తం మొహం మీదికి చిమ్మింది, ఈ పిల్ల కళ్ళు మూసుకుంది కానీ పట్టు వదల్లేదు. గొర్రె చల్లబడేదాకా మాట ఆగలేదు, చేతులూ ఆగలేదు.

"ఏంటే గొణుగుతున్నావ్?" అన్నాడు కోతాయన.

"ఏం లేదు."

"శాపాలు పెడుతున్నావా?" అని తడి తాడుతో వీపు మీద ఒక్కటి ఇచ్చాడు.

అక్కడితో మొదలైందని కాదు కానీ, నేను కళ్ళారా చూసిన మొదటి దెబ్బ అది. తర్వాత లెక్కపెట్టడం ఎవరితరం? తూకం తప్పిందని ఒక రోజు, గిరాకీ లేదని ఒక రోజు, గిరాకీ ఎక్కువై అలిసిపోయానని ఇంకో రోజు. కత్తి పిడితో కొట్టేవాడు. ఎముకలు వేసే బుట్ట ఎత్తి మీద కొట్టేవాడు. ఒకసారి జుట్టు పట్టుకుని కొక్కేల కిందికి ఈడ్చుకుపోయాడు. "తగిలించమంటావా?" అని అరుస్తుంటే చేతిలో పప్పుగరిటెతో పరిగెత్తాను. కోతాయన కన్నతల్లి మాట వినని మనిషి. కానీ వీధిలో ఆడదాని అరుపంటే జంకేవాడు, గిరాకీ పోతుందని. నేను గొంతెత్తితే ఈ చివర నుంచి ఆ చివరికి వినపడుతుంది. అదొక్కటే ఆ పిల్లకు నేను చెయ్యగలిగిన సాయం.

"వదిలేసి పోవే" అనేదాన్ని, దాని మొహం మీది వాపుకు వేడిగుడ్డ అద్దుతూ.

"ఎక్కడికి పెద్దమ్మా? మా ఇంట్లో నేనొక ముద్ద ఎక్కువ" అనేది.

ఇప్పుడు మొద్దు గురించి. ఇది అర్థం కాకపోతే మిగతాదేదీ అర్థం కాదు. మాంసం కొట్టేవాళ్ళు ముక్కలు నరికే చెక్కదుంగ ఉంటుందే, అదే మొద్దు. మా వీధి చివర కొట్లన్నీ వరుసగా ఉంటాయి. ఆ వరుసవాళ్ళకు ఒక కట్టుబాటుంది. ఒక మొద్దు నాది అంటే నాది అని ఇద్దరికి పేచీ వస్తే, ఆ కొట్టు పట్టుకుని ఉన్నవాళ్ళు ఎడంచెయ్యి వెడల్పుగా తెరిచి మొద్దు మీద పెట్టాలి. కొట్టు కావాలని వచ్చినవాడు పెద్దకత్తి ఎత్తి ఆ చేతి మీదికి దించుతాడు. చెయ్యి లాక్కుంటే మొద్దు వదులుకున్నట్టే. కత్తి దించినవాడు గెలిచినట్టు. లాక్కోకపోతే మొద్దు ఆ చేతిదే.

వినడానికి ఘోరంగా ఉంది కదూ? నిజానికి అదొక ఆట. ఎందుకంటే లాక్కోని చెయ్యంటూ ఆ వరుసలో ఎప్పుడూ లేదు. ఎంత మొనగాడిదైనా కత్తి దిగేసరికి చెయ్యి దానంతటదే ఎగిరిపోతుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళ మీద కూడా సరదాకి ఆడతారు. కుర్రాడు కెవ్వుమని చెయ్యి లాక్కుంటాడు, కత్తి ఖాళీ చెక్కలో దిగుతుంది, అందరూ పడీపడీ నవ్వుతారు. అందుకని కత్తి దించేవాడికి చేతిని తప్పించి కొట్టడం అలవాటే లేదు. చెయ్యి ఉన్నచోటే గురి. తప్పుకోవడం చేతి పని, వీడి పని కాదు.

పెళ్ళైన కొత్తలో పళ్ళపిల్లకు ఒక ముచ్చట పుట్టింది. "నేనూ ముక్కలు కొడతాను, నాకూ నేర్పు" అంది మొగుడితో. వరుసలో అందరూ ఉన్నారు. కోతాయన నవ్వాడు.

"చెయ్యి పెట్టి అడుగు" అన్నాడు.

పెట్టింది. వాడు కత్తెత్తాడు. "వద్దు, వద్దు, భయమేస్తోంది" అని అరిచింది. ఇంగ్లీషులో కాదు, మామూలుగా, మనం అరిచినట్టే. చెయ్యి గుండెకు అంటుకుపోయింది. కత్తి చెక్కలో దిగి ఊగింది. వరుసంతా ఒకటే నవ్వు. కోతాయన మాత్రం నవ్వు ఆపి, అందరి ముందూ దాని చెంప ఛెళ్ళుమనిపించి, "ఈ చేతికి మొద్దా?" అన్నాడు. ఆ తర్వాత అతను పోయేదాకా అది ఆ మొద్దును కడిగిందే కానీ దాని మీద కత్తి పెట్టలేదు.

అతను పోవడం కూడా అతని బతుకులాగే జరిగింది. కబేళాలో ఒక దున్న తాడు తెంపుకుని అతన్ని గోడకేసి అదిమేసింది. కొమ్ము ఒకవైపు దిగి ఇంకోవైపు వచ్చిందన్నారు. మనిషిని గుర్తుపట్టడానికి ఆస్పత్రికి రమ్మన్నారు. తోడుగా నేనే వెళ్ళాను. ఆ చల్లటి గది తలుపు దగ్గర అది ఆగిపోయింది. "ఐ యామ్ డ్రెడింగ్ దిస్" అంది, తలుపుతో చెప్తున్నట్టు. రాబోయేది తలుచుకుంటేనే ప్రాణాలు పోతున్నాయని అర్థమట. అక్కడున్న కాంపౌండరు ఉలిక్కిపడి చూశాడు. అది లోపలికి వెళ్ళింది, గుడ్డ తీసింది, "ఔను, ఈయనే" అంది, మళ్ళీ కప్పింది. కాళ్ళ వైపు గుడ్డ చాలలేదు. దాన్ని సర్ది మరీ బయటికి వచ్చింది.

కొట్టు మూతపడుతుందని అందరం అనుకున్నాం. ఒక పొద్దున తలుపులు తెరుచుకున్నాయి. లోపల పళ్ళపిల్ల, చేతిలో పెద్దకత్తి. ఇన్నేళ్ళూ మొద్దు కడుగుతూ కడుగుతూ ఎక్కడ కొడితే ఎముక విడుతుందో చూసి పెట్టుకుందట. మొదటి గిరాకీ నేనే. చూసొద్దామని వెళ్ళాను, నిజం చెప్పొద్దూ. తొడ ముక్క కొట్టమన్నాను. "ఐ షడర్ టు థింక్" అని కత్తి దించింది. మొదటి ముక్క వంకరగా వచ్చింది. రెండోది బాగానే వచ్చింది. తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోందని అర్థమట ఆ మాటకు. మా ఆయన కూర తింటూ "ముక్కలేంటి ఇలా ఉన్నాయి" అంటే, "జలదరించి కొట్టినవి, నోరు మూసుకుని తినండి" అన్నాను.

అలా నడిచింది. తూకం సరిగ్గా వేసేది, ఎముకకు ఎముక, కండకు కండ. నెమ్మదిగా గిరాకీ పెరిగింది. అప్పుడు దిగాడు మరిది.

కోతాయన తమ్ముడు. ఊరంతా కొక్కెం అంటారు. కుర్రతనంలో ఎవరి దవడలోనో మాంసం కొక్కెం దింపాడు, ఆ పేరు ఉండిపోయింది. అన్నతో పడక వేరే బజారులో పనిచేసేవాడు. అన్న పోతే చూడ్డానికి రాలేదు, కొట్టు బాగుందని తెలిసి వచ్చాడు. మొదట తేనె పూసిన మాట.

"ఆడమనిషివి, నీకెందుకు వదినా ఈ నెత్తుటి పని? నేను చూసుకుంటాను. నువ్వు హాయిగా ఎక్కడైనా..."

"ఎక్కడైనా అంటే ఎక్కడ?" అంది ఇది.

రెండోసారి వచ్చినప్పుడు కాటా తిప్పి నేలకు కొట్టాడు. మూడోసారి కొట్టిన మాంసమంతా ఎత్తి మురిక్కాలవలో పోశాడు. కుక్కలు ఎగబడ్డాయి. అడ్డం వెళ్ళిన వదిన నుదుటి మీద తూనికరాయితో కొట్టాడు. కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి కారుతుంటే అది ఒక కన్నుతోనే మిగిలిన ముక్కలు ఏరుకుంది. స్టేషనుకు వెళ్ళాం. వాళ్ళు వచ్చారు, కూర్చున్నారు, టీ తాగారు. "ఇంటి గొడవ, ఇంట్లో తేల్చుకోండి" అని లేచి వెళ్ళిపోయారు.

పోలీసుల వెనకే వచ్చాడు కొక్కెం. వరుసంతా వినేలా అన్నాడు: "ఆదివారం పొద్దున వస్తాను. చెయ్యి పెట్టి చెప్పమనండి ఈ మొద్దు తనదని."

శనివారం మధ్యాహ్నం అది మా ఇంటికి వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. మంచినీళ్ళిస్తే గ్లాసు పళ్ళకు కొట్టుకుని టకటకలాడింది. వచ్చిన ఇంగ్లీషంతా వరసపెట్టి కక్కేసింది. కోడలు పక్కనే ఉండి నాకు చెప్తోంది. ఒక మాట విని నేనే ఆపాను.

"కోల్డ్ ఫీట్ అంటే ఏంటే?"

"తీరా సమయం వచ్చేసరికి వెనక్కి పోవాలనిపించడం అత్తయ్యా. పాదాలు చల్లబడ్డాయి అంటారు."

వంగి దాని పాదాలు పట్టుకుని చూశాను. నిజంగానే మంచుగడ్డల్లా ఉన్నాయి.

"వెళ్ళకే" అన్నాను. "రేపు మా ఇంట్లోనే ఉండు. గడియ పెట్టుకుందాం. వాడొచ్చి అరిచి పోతాడు."

"నేను లేకపోతే చెయ్యి లాక్కున్నట్టే పెద్దమ్మా. కొట్టు పోతే వెనక గది పోతుంది. గది పోతే మళ్ళీ ఆ రక్తం గిన్నెలు కడగాలి. ఈ వయసులో అది కూడా ఎవరిస్తారు నాకు?"

నాకు మాట రాకపోవడం మా కోడలు అప్పుడే చూసింది, ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

ఆదివారం పొద్దున సంచీ పట్టుకుని అందరికన్నా ముందు వెళ్ళి నిలబడ్డాను. నా వెనక గిరాకీ, దాని వెనక తమాషా చూసేవాళ్ళు. వరుసలో కత్తుల చప్పుడు ఆగిపోయింది. వరుసపెద్ద, ఒంటికన్ను ముసలాయన, మొద్దు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కొక్కెం తెల్లటి చొక్కా వేసుకుని వచ్చాడు. పెళ్ళిచూపులకు వచ్చినట్టు ఉతికిన చొక్కా! రక్తం పడదని అంత ధీమా.

"ఇంకా ఆలోచించుకోమ్మా. వద్దంటే ఇక్కడితో పోతుంది" అన్నాడు వరుసపెద్ద.

అది ఎడంచెయ్యి తెరిచి మొద్దు మీద పెట్టింది. చెయ్యి మాత్రమే నిలకడగా ఉంది. మిగతా మనిషంతా వణుకుతోంది.

"ఐ యామ్ స్కేర్డ్" అంది, పైకే. "ఐ యామ్ స్కేర్డ్ స్టిఫ్." భయంతో కొయ్యబారిపోయానని.

"ఇదుగో, మా వదిన ఇంగ్లీషులో ఏడుస్తోంది!" అన్నాడు కొక్కెం. జనం నవ్వారు. "తెలుగులో ఏడిస్తే నేను జాలిపడి పోదును కదా వదినా!"

కత్తెత్తాడు. ఊరికే ఊపాడు. అది కదల్లేదు. మళ్ళీ ఎత్తి, మొద్దు అంచున చెక్కలో దించాడు. ఆ దెబ్బకు మొద్దు అదిరి దాని చెయ్యి కూడా ఎగిరిపడింది. పడి, ఉన్నచోటే ఉంది.

"ఐ కాంట్ గో త్రూ విత్ దిస్" అంది. కన్నీళ్ళు గడ్డం నుంచి మొద్దు మీదికి కారుతున్నాయి. "ఐ కాంట్. ఐ కాంట్."

నేను అరిచాను, "కొక్కెం, ఆపరా!" అని. ఈ చివర నుంచి ఆ చివరికి వినపడే నా గొంతు ఆ రోజు ఎవరికీ వినపడలేదు.

మూడోసారి ఎత్తినప్పుడు వాడు చేతి వైపు చూడనే లేదు. జనం వైపు చూస్తున్నాడు, అప్పుడే గెలిచేసినట్టు పళ్ళన్నీ బయటపెట్టి. చెయ్యి ఉన్నచోటికే గురిపెట్టి, ఉండదని నమ్మి, బలమంతా పెట్టి దించాడు.

ఆ చప్పుడు రోజూ వినేదే. కండ, ఎముక, చెక్క. రోజూ వినేదే కనుక ఒక్క క్షణం ఎవరికీ ఏమీ తెలియలేదు. నా సంచీ మీద వెచ్చగా ఏదో చిమ్మింది. చిటికెనవేలూ దాని పక్కదీ మొద్దుకు అవతలివైపు, కోసి పెట్టిన ముక్కల పక్కన పడి ఉన్నాయి.

కొక్కెం తల తిప్పి చూశాడు. తెల్ల చొక్కా ఇప్పుడు తెల్లగా లేదు.

"ఎందుకు తియ్యలేదు?" అన్నాడు. చిన్నపిల్లాడిలా. "తియ్యాలి కదా! ఎందుకు తియ్యలేదే?"

అప్పటికి వరుసవాళ్ళకు తెలివి వచ్చింది. మీదపడ్డారు. ఎవరి చేతిలో ఏదుంటే దానితో: కొక్కేల కర్రలు, తూనికరాళ్ళు, గొర్రె తొడ ఎముకలు. వాడి ముక్కు పగిలిన చప్పుడు నేను విన్నాను. మోకాలు ఒకటి వెనక్కి తిరిగిపోయింది, ఇప్పటికీ వాడు కుంటేది అందుకే. నవ్వినవాళ్ళే ఎక్కువ కొట్టారు, అది కూడా చూశాను. వరుసపెద్ద స్టూలు మీద నుంచి లేచి, "చాలు! చెయ్యి తియ్యలేదు. మొద్దు ఆవిడది" అనేదాకా ఆగలేదు.

ఆ గోలలో దాన్ని చూసింది నేనొక్కదాన్నే. కుడిచేత్తో వాడి కత్తిని మొద్దులోంచి ఊడబీకి కింద పడేసింది. తన కత్తి తీసి మొద్దు నడుమ దింపింది. అప్పుడు కూర్చుంది. సంచీలోంచి తువ్వాలు తీసి చేతికి చుట్టి, బలంకొద్దీ బిగించాను. వెనకనుంచి ఎవరో పెద్దమనిషి, "ఇంతకీ ఇవాళ మాంసం ఉన్నట్టా లేనట్టా?" అన్నాడు. నేనేమన్నానో ఇక్కడ చెప్పడానికి పనికిరాదు.

వేళ్ళు చేపల కొట్టు ఐసులో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాం. నలిగిపోయాయి, అతకవన్నారు. కేసు నడిచింది. వరుసపెద్ద చెప్పాడు, నేను చెప్పాను, కొక్కెం జైలుకు వెళ్ళాడు. వరుసలో ఆ కట్టుబాటు కూడా అంతటితో పోయింది. ఇప్పుడు కొత్త కుర్రాళ్ళ మీద సరదాకి కూడా ఎవరూ కత్తెత్తరు. జరిగింది ఇదీ. ఎవరి వేళ్ళు ఎవరు నరికారో మేడమీద అమ్మాయికీ, దర్జీకీ ఇప్పటికైనా తెలిసిందనుకుంటాను.

కానీ కొక్కెం ఆ రోజు అడిగిన ప్రశ్న ఒకటి నాలో ఉండిపోయింది. ఎవరింట్లో ఏ కూరో, ఎవరికి ఎవరితో మాటల్లేవో, అన్నీ అడిగి తెలుసుకునే నేను ఇన్నేళ్ళలో దాన్ని ఆ మాట అడగలేదు. అడిగితే ఆ చెయ్యి మళ్ళీ మొద్దు మీద పెట్టించినట్టు ఉంటుందేమో అనిపించేది. దర్జీ కొట్టు నుంచి నిన్న తిన్నగా అక్కడికే వెళ్ళాను. గిరాకీ లేని వేళ. మూడువేళ్ళతో ఎముక నొక్కి పట్టుకుని కుడిచేత్తో కొడుతోంది. వీధికి అవతల, దర్జీ అరుగు మీద, కొక్కెం కాలు చాపుకుని కూర్చుని ఇటే చూస్తున్నాడు.

"చూశావా, వచ్చాడు" అన్నాను.

"చూశాను పెద్దమ్మా."

"నీ గురించి ఏం చెప్పుకుంటున్నాడో తెలుసా?"

"తెలుసు. నేనే నరుక్కున్నానట. దర్జీ నా జాకెట్టు ఇస్తూ నాకే చెప్పాడు."

"మళ్ళీ మీదికొస్తే?"

అది కత్తి ఆపి అటు చూసింది. "ఐ డ్రెడ్ ఇట్" అంది. మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది. ముక్కలు సమంగా పడుతున్నాయి.

ఇక ఆగలేకపోయాను. "ఒసేయ్, ఆ రోజు భయం భయం అని ఇంగ్లీషులో అంత మొత్తుకున్నావు కదా. నీ మొగుడి ముందు లాక్కున్న చెయ్యే కదా అది. మరి ఆ రోజు ఎందుకు తియ్యలేదే?"

మూడువేళ్ళక్క ముక్కలు తూకంలో వేసింది, ముల్లు నిలిచేదాకా చూసింది, మొద్దు మీది నెత్తురు గుడ్డతో తుడిచింది. అప్పుడు చెప్పింది.

"తెలుగులో భయమంటే ఒళ్ళంతా వినేస్తుంది పెద్దమ్మా. కాళ్ళు వింటే పరిగెడతాయి, చెయ్యి వింటే లాక్కుంటుంది. ఇంగ్లీషులో అంటే నా గుండెకొక్కదానికే తెలుస్తుంది. పాపం వీటికి ఇంగ్లీషు రాదు కదా."